దర్సోనో కొత్త ఊచ

ఇండోనేషియాలోని జోగ్యాలో కర్రపెన్నులు చేసే దర్సోనోకు పెన్ను విప్పాలంటే వణుకు. లోపలి నుంచి ఊచతో కొట్టి రాసే కొసనున్న ఇత్తడి మూతిని ఊడదీయాలి. ఊచ ఒరిగిందా, కర్ర చీలిపోతుంది. అందుకే రంధ్రం నిండా పట్టే కొత్త ఊచను అరగదీసుకున్నాడు. ఆ ఉదయం లాస్త్రి బిగుసుకుపోయిన పెన్ను తెచ్చింది. చనిపోయిన ఆమె భర్త చేసిన ఆఖరి పెన్ను అది.

"పగిలితే, అన్నా?"

"అలా అనకమ్మా! పోయి బయట కూర్చో."

"పోను. పగిలినా నా కళ్ళముందే పగలాలి."

దర్సోనో అరచేతుల చెమట లుంగీకి తుడుచుకుని, కొత్త ఊచను రంధ్రంలోకి దించి సుత్తితో తట్టాడు. టక్కుమంది. ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. ముందు తెరిచింది లాస్త్రే. ఇత్తడి మూతి ఊడి పడింది, కర్ర చెక్కుచెదరలేదు.

"కళ్ళు తెరువన్నా, బాగానే ఉంది."

ఆయన తెరవలేదు. "ఇంకోసారి సరిగ్గా చూసి చెప్పమ్మా," అన్నాడు.