గ్రేసి రెండు జడలు

పేరుపాలెం బీచి చూసి చాలా ఏళ్లయిందని ఒక శనివారం పొద్దున్నే రాజమండ్రిలో నరసాపురం ప్యాసింజరు ఎక్కాను. ఆదివారమైతే కూర్చోడానికి చోటు దొరకదు. నిడదవోలులో బండి కాసేపు ఆగితే ప్లాట్‌ఫారం మీద ఇడ్లీలు తిన్నాను. ఏడున్నరకు తణుకు వచ్చింది.

అక్కడ ముగ్గురెక్కి నా ఎదురుగా కూర్చున్నారు. రత్నరాజు, ఎనిమిదేళ్ల కూతురు గ్రేసి, ఆయన అక్క మార్తమ్మ. రత్నరాజు కొబ్బరి పీచుతో తాళ్లు పేనే షెడ్డులో కూలి. భార్య కువైట్‌లో ఒకరింట్లో వంటపని చేస్తోంది. ఆ రోజు నరసాపురంలో బడిపిల్లలకు కోలాటం పోటీలు. గ్రేసి ఆడుతోంది.

పిల్లకు నడుం దాటిన జుట్టు. రెండు జడలు వేసి ఎర్ర రిబ్బన్లు కట్టారు గానీ, అత్తిలి రాకముందే కుడి జడ వదులైపోయింది.

“చెప్తే వినవు కదా,” అంది మార్తమ్మ తమ్ముడితో. “మొన్న ప్రాక్టీసులోనూ ఇంతే. జుట్టు కళ్లమీద పడి పక్కపిల్ల వేళ్ల మీద కొట్టింది. ఇవాళ గానీ ఊడిందా, రేపే కత్తిరించేస్తాను.”

“సరేలే అక్కా. ఊడితే కదా.”

“అమ్మొచ్చేదాకా కత్తిరించనన్నావు నాన్నా,” అంది గ్రేసి మెల్లగా.

జడలు ఎవరేశారని అడిగాను.

“నేనేనండి,” అన్నాడు రత్నరాజు. వదులైన పాయను వేళ్లతో తడిమి నవ్వాడు. “తాడు పేనేప్పుడు పీచు తడుపుతామండి, పట్టు రావాలని. అలవాటు కొద్దీ దీని జుట్టూ తడిపేశాను. ఆరేసరికి జారిపోతోంది.”

“ఇటు తిప్పండి బాబూ, నేనేస్తాను,” అంది కిటికీ దగ్గరి పెద్దావిడ. “మగాళ్లకేం వస్తాయి జడలు.”

గ్రేసి తల అడ్డంగా ఊపింది. “నాన్నే వెయ్యాలి.”

“నీ ఇష్టం తల్లీ. జడ నీది, పరువు మీ నాన్నది.”

బోగీలో నవ్వులు. రత్నరాజు సంచిలోంచి నూనె సీసా తీసి ముందు తన చేతులకే రాసుకున్నాడు. పీచు పనికి పగిలిన అరచేతుల్లో వెంట్రుకలు చిక్కుకోకుండా. దువ్వెన పళ్లమధ్య పెట్టుకుని మొదలుపెడితే మొదటి జడ అయ్యేసరికి భీమవరం దాటింది. రెండోది పాలకొల్లులో పూర్తయింది.

“నొప్పెడుతోందామ్మా?”

“లేదు. ఇంకా బిగించు.”

నరసాపురం స్టేషను బయట మొగల్తూరు వైపు బస్సు ఉందని ఎవరో కేకేశారు. నేను ఎక్కలేదు. వాళ్ల ఆటోలోనే పోటీలు జరిగే బడికి వెళ్లాను.

గ్రేసి జట్టు వంతు పదకొండింటికి వచ్చింది. రత్నరాజు ఫోను పైకెత్తి నిలబడ్డాడు గానీ, ఆయన కళ్లు ఫోను మీద లేవు. చివరి చుట్టులో పాట జోరందుకుంది. పిల్లలు వంగి, లేచి, గిర్రున తిరుగుతున్నారు. ఎడమ జడ రిబ్బను ఊడి కింద పడింది.

“అయిపోయింది,” అంది నా పక్కన మార్తమ్మ.

ఆట ఆగలేదు. రిబ్బను పిల్లల కాళ్లకింద నలిగింది. జడలో ఒక్క పాయ కూడా కదల్లేదు.

ఫలితాలు మధ్యాహ్నం దాటాక అన్నారు. నేను బస్సెక్కి మొగల్తూరు మీదుగా బీచికి వెళ్లి, దగ్గర్లో చేపల పులుసుతో అన్నం తిని, సాయంత్రం బండికి తిరిగొచ్చాను. ప్లాట్‌ఫారం మీద మళ్లీ వాళ్లే.

“బహుమతి వచ్చిందాండి?” అన్నాను.

“జడలు ఊడలేదండి,” అన్నాడు రత్నరాజు.

“రెండో బహుమతండి,” అంది మార్తమ్మ. “వీడికి ఆ ధ్యాస లేదు.”

బండి కదిలాక కువైట్ నుంచి వీడియో కాల్ వచ్చింది. గ్రేసి వెనక్కి తిరిగి జడలు చూపించింది.

“ఎంత బాగున్నాయో. నువ్వే వేశావా వదినా?” అంది వాళ్లమ్మ.

మార్తమ్మ ఫోను అందుకుంది. “నేను కాదే అమ్మాయ్. మీ ఆయనే. నాకూ ఇంత బిగువు రాదు.”

రత్నరాజు కిటికీలోంచి బయటకు చూశాడు. అటు చీకటి తప్ప ఏమీ లేదు.

పేరుపాలెం వెళ్లేవాళ్లు ఎండ తగ్గాక చేరితే మంచిది. సముద్రం బాగుంది. కానీ ఆ ప్రయాణం తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ రాత్రి వాళ్లు దిగిన తణుకు ప్లాట్‌ఫారం. గ్రేసి ముందు నడుస్తోంది, ఒక జడకు రిబ్బనుంది, ఒకదానికి లేదు. వెనకాల కోలాటం కర్రలు చంకన పెట్టుకుని, ఎదురొచ్చేవాళ్లను తప్పుకోమంటూ వాళ్ల నాన్న.