నా కొలత, అన్న సంతకం

బహ్రెయిన్‌లో నేను లైసెన్సు లేని సర్వేయర్ని. దొంగపని కాదు. లైసెన్సున్న ఇంజనీరు పర్యవేక్షణలో పనిచేసేవాడికి లైసెన్సు అక్కర్లేదని మినహాయింపు ఉంది. నా మినహాయింపు మా అన్న. తోడబుట్టినవాడు కాదు, మా కంపెనీ ఇంజనీరు, గుంటూరు వైపు మనిషి, మా తెలుగు ప్రార్థన కూటానికి పెద్ద. నాకు డిప్లొమా ఉందని తెలిసి, హెల్పర్ పని మాన్పించి, కొలతల మిషను చేతికిచ్చింది ఆయనే. ఆ రోజు జగిత్యాలకు ఫోన్ చేసి, "ఇగ సామాన్ మోసుడు లేదు, నేను సర్వేయర్నైన" అన్నాను. మా ఆవిడ నమ్మలేక మళ్లీ అడిగింది.

"అన్నా, నేను గూడ లైసెన్సుకు పెట్టుకుంట," అని ఒకసారి అడిగాను.

"నీకెందుకు తమ్ముడూ ఆ తిప్పలు? నేను లేనా? కొలత నీది, సంతకం నాది."

నేను పాతిన హద్దు పెగ్గులను, కాంక్రీటు పోసేముందు ఆయన వచ్చి చూడాలి. తుబ్లీలో పనైనా, అవాలి వైపు పనైనా ఆయన ఎన్నడూ రాలేదు. ఫోన్ చేసేవాడు.

"సరిగ్గా పడ్డాయా తమ్ముడూ?"

"పడ్డయన్నా."

"అయితే యల్లా, పోయించెయ్."

అది నామీద నమ్మకమనుకుని ఛాతీ విరుచుకుని తిరిగాను. ఆయనది బద్ధకమన్నవాళ్లతో పోట్లాడాను కూడా. నా అంత పిచ్చోడు ఉండడు.

బుసైతీన్‌లో ఒక ఇంటి ప్రహరీ పక్కవాళ్ల స్థలంలోకి మూరెడు జరిగింది. పెగ్గులు పాతింది నేనే. కానీ అన్న నాకు పంపింది హద్దులు మారకముందటి ప్లాను. కొత్తది ఆయన దగ్గరే ఉండిపోయింది. ఎవరికైనా జరిగే పొరపాటే. మేనేజరు ఇద్దరినీ పిలిచినప్పుడు నాకు భయం వేయలేదు, అన్న పక్కనే ఉన్నాడు కదా.

పెగ్గులు చూశారా అని మేనేజరు ఆయన్నే అడిగాడు. చూశానంటే తప్పు ఆయన మీద పడుతుంది. చూడలేదంటే ఆయన లైసెన్సుకే ఎసరు. అన్న నా వైపు తిరగకుండా ఇంగ్లీషులో చెప్పాడు: "ఇతను సర్వేయరు కాదు సార్, సామాన్ మోసే హెల్పరు. నాకు చెప్పకుండా పాతేశాడు."

నా మినహాయింపు అంతటితో పోయింది. ఆయన కింద ఉంటేనే నేను సర్వేయర్ని. ఆయన కాదంటే లైసెన్సు లేకుండా భూమి కొలిచిన నేరస్థుణ్ని. ఈ పనికి ఆయన ఇంకా సంతకం పెట్టలేదు. ఇదివరకు పెట్టిన కాగితాల్లో నా పేరు ఎక్కడా లేదు.

"ఫోన్ జేసి అడుగుతవు గదన్నా," అన్నాను.

మేనేజరు "ఖలాస్" అన్నాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మ ఊరికే అనేది కాదు. మిషను తీసేసుకున్నారు. మర్నాటి నుంచి మళ్లీ సామాన్ మోసే డ్యూటీ. ఇంటికి ఏమని చెప్పను?

శుక్రవారం కూటంలో అన్న లేచి నిలబడ్డాడు. "మన తమ్ముడు శోధనలో ఉన్నాడు, అతని కోసం ప్రార్థిద్దాం," అన్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. "పనిలో జాగ్రత్త నేర్పు ప్రభువా," అని మెత్తగా వేడుకున్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. నేను ఆయన ముఖంలోకే చూస్తున్నాను. ఆయన మాత్రం కళ్లు తెరవలేదు.

గదంతా ఆమెన్ అంది. ఇన్నేళ్లూ ఆయన అడిగినప్పుడల్లా "పడ్డయన్నా" అని అలవాటైన నోరు నాది. అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను.