ఆపే స్విచ్చి లేని పెట్టె

నెల్లూరు దాటాక మా ఊరు. పేరు రాయను, రాస్తే ఆసుపత్రిని గుర్తుపట్టేస్తారు. అక్కడ ప్రసూతి వార్డులో నేను హెడ్ నర్సుని. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచడానికి మాకొక ఇంక్యుబేటర్ పెట్టె ఉండేది. కరెంటు పోతే దానికున్న గంట మోగుతుంది. మా ఊళ్ళో కరెంటు పోని రాత్రి లేదు. గంట మోగినప్పుడల్లా వార్డులో బాలింతలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు, పక్కలో పిల్లలు లేచి ఏడుపందుకునేవాళ్ళు. దాని నోరు మూయించండమ్మా అని వాళ్ళు పోరు పెడితే ఎవరో గంటకి గుడ్డ చుట్టారు. ఆ రాత్రి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే పెట్టెలో బిడ్డ చల్లబడిపోయి ఉంది.

ఇది నేను ఆ వార్డుకి రాకముందు సంగతి. నేను వచ్చేసరికి పెట్టె ఒక మూల దుమ్ము కొట్టుకుని ఉంది, అందులోకి పోయిన బిడ్డ తిరిగిరాదన్న మాట ఊరంతా పాకిపోయింది. పెట్టెలో పెడదాం అంటే చాలు, అమ్మమ్మలు బిడ్డని మూటగట్టుకుని ఇంటిదారి పట్టేవాళ్ళు. అలా పోయినవాళ్ళలో చాలామంది పిల్లలు దక్కలేదు.

మద్రాసులో ఒక పెద్దాసుపత్రి వాళ్ళు ఇలాంటి పరికరాల్ని జాగ్రత్తగా వాడటంలో నర్సులకి శిక్షణ ఇస్తున్నారని తెలిసి మా సూపరింటెండెంటుగారు నన్ను పొమ్మన్నారు. తొండియార్‌పేటలో నాయుడుగారని ఒకాయన ఆ పెట్టెలు స్వయంగా తయారుచేస్తున్నాడట, విదేశీ పెట్టె ధరలో సగం కూడా కాదట. ఒకటి చెయ్యమని ఆయనకి ముందే ఉత్తరం రాశారు, వచ్చేటప్పుడు దాన్ని తీసుకురమ్మన్నారు. "కానీ సిస్టర్, ఈసారి ఒక్క బిడ్డకి తేడా వచ్చినా ఇక ఈ ఊళ్ళో పెట్టె మాట ఎత్తలేం. చూసి తీసుకురండి" అన్నారు.

సోమవారం తెల్లవారుజామున రైలెక్కాను. సెకండ్ క్లాసు, కిటికీ సీటు దొరికింది. గూడూరులో ఇడ్లీ పొట్లం కొన్నాను. చట్నీ నీళ్ళలా ఉంది కానీ వేడిగా ఉంది. పదిన్నరకి సెంట్రల్ స్టేషన్లో దిగాను. బస నర్సుల హాస్టల్లో. మంచం, బకెట్టు, రెండుపూటలా భోజనం ఉచితం. వెళ్ళదలచినవాళ్ళు దుప్పటీ, ఆవకాయ సీసా తెచ్చుకుంటే మంచిది. అక్కడి రసం బావుంటుంది, మిగతావాటి గురించి చెప్పేదేం లేదు.

శిక్షణ మధ్యాహ్నమే మొదలైంది. చెప్పేది డాక్టరు కాదు, ఆసుపత్రి పరికరాలన్నీ చూసుకునే ఇంజనీరు. సన్నగా, మూతి బిగించుకుని ఉంటాడు. హాలు ముందు భాగంలో ఒక ఇంక్యుబేటర్ పెట్టి, ఎర్తు వైరు ఎందుకుండాలో బోర్డు మీద బొమ్మ వేసి చెబుతున్నాడు. మేమంతా రాసుకుంటున్నాం. ఉన్నట్టుండి గంట మోగింది. మేము తలెత్తి చూసి, ఆయనే ఆపుతాడులే అని మళ్ళీ రాసుకుంటున్నాం. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాసేపయ్యాక ప్లగ్గు చేత్తో పట్టుకుని చూపించాడు. తనే పీకాడు.

"గంట మోగింది. మీలో ఒక్కరూ లేవలేదు. ఈపాటికి బిడ్డ చల్లబడటం మొదలై ఉంటుంది" అన్నాడు.

హాలంతా చిన్నబోయింది. నా పక్కన కూర్చున్న చిత్తూరు నర్సు, "ఈయన మనిషి కాదక్కా, పరీక్ష పేపరు" అని గొణిగింది. ఆ తర్వాత శుక్రవారం దాకా ఎర్తు, ఫ్యూజు, థర్మామీటరు, ఆక్సిజన్ దగ్గర నిప్పు జాగ్రత్త అన్నీ చెప్పాడు. ఎప్పుడు ప్లగ్గు పీకుతాడో తెలియక మేము టీ తాగుతూ కూడా ఒక చెవి అటే పడేసి ఉంచాం. శుక్రవారం తలా ఒక సర్టిఫికెట్టు చేతిలో పెట్టారు.

శనివారం పొద్దున్నే సిటీ బస్సులో తొండియార్‌పేట వెళ్ళాను. హార్బరు లారీల మధ్య బస్సు నత్తనడక నడిచింది. నాయుడుగారి వర్క్‌షాపు ఒక సందులో ఉంది. ముందు భాగంలో లేత్ మిషను, వెనక ఇల్లు. ఆయనకి అరవై ఉంటాయి, చొక్కా జేబులో స్క్రూడ్రైవర్. వాళ్ళ తాతలనాడే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం.

"రాండమ్మా, ఈడ కూర్చోండి. మీ పెట్టె రెడీగా ఉండాది. ఆనా ఈడ లేదు, ఆడ కోడంబాక్కంలో ఉండాది" అన్నాడు.

"కోడంబాక్కంలో ఏ ఆసుపత్రికి?"

"ఆసుపత్రి ఏడ? షూటింగు. ఆసుపత్రి సీనంట, రెండు దినాలకి బాడుగకి అడిగినారు. కొత్త పెట్టె, రొంబ షోకుగా ఉంటిందని ఎత్తకపోయినారు. మీరేం యోచన చెయ్యబాకండి, పోయి తెచ్చుకుందాం."

నాకు ఒళ్ళు మండింది. మా పిల్లల కోసం చేసిన పెట్టె సినిమాలో వేషం వెయ్యడానికి వెళ్ళిందన్నమాట. కానీ మధ్యాహ్నం రైలుకి ఆ పెట్టెతో ఎక్కాలి కాబట్టి నోరు మూసుకుని ఆయన వెంట బయల్దేరాను. బీచి స్టేషన్ నుంచి ఎలక్ట్రిక్ ట్రైను. దారిలో ఆయనే చెప్పాడు. మొదట్లో కోడిగుడ్లు పొదిగించే పెట్టెలు చేసేవాడట. ఎవరో పిల్లల డాక్టరు అది చూసి, ఇంకాస్త మార్చి బిడ్డలకి చెయ్యగలవా అని అడిగాడట.

"సూడు, అదే వేడి, దాని మటుకు కోడికీ బిడ్డకీ ఒకటే పద్ధతి. గంట మాత్రం కొత్తగా పెట్టినాను. కోడిపిల్ల పోతే ఇంకోటి పొదిగించుకుంటాము. బిడ్డకి అట్ట కుదరదు గదా" అన్నాడు. ఆ మాటతో నాకు సగం కోపం దిగిపోయింది.

స్టూడియోలో షెడ్డు నిండా లైట్లు, వేడి. మధ్యలో మా పెట్టె. గాజు తలుపు వెనక రబ్బరు బొమ్మ పడుకుని ఉంది. ఆ బొమ్మ మా వార్డులో పుట్టిన ఏ బిడ్డకన్నా ఆరోగ్యంగా ఉంది. హీరోయిన్ కుర్చీలో కూర్చుని కూల్‌డ్రింకు తాగుతోంది. ఆవిడ ఏడుపు పొద్దున్నే అయిపోయిందట. పెట్టె పక్కన నిలబడి నేను ప్లగ్గు పీకాను. గంట మోగలేదు.

అసిస్టెంటు డైరెక్టరు పరుగెత్తుకొచ్చాడు. "దానికి వెనక స్విచ్చి ఉందండీ, మేమే ఆపేశాం. ఇక్కడ కరెంటు పోయినప్పుడల్లా గణగణమంటే డైలాగు పాడైపోతోంది" అన్నాడు. అతన్ని తిట్టడానికి నాకు కారణం దొరకలేదు. స్విచ్చి ఉన్నది ఆపడానికే. సందు దొరికితే మా బాలింతలైనా అదే చేస్తారు.

పెట్టెని టాక్సీ పైన కట్టించుకుని తొండియార్‌పేట వచ్చేశాం. "ఆ స్విచ్చి తీసెయ్యండి" అన్నాను.

"ఎందుకమ్మా? ఆసుపత్రివాళ్ళే అడిగి పెట్టించుకున్నారే! రాత్రిళ్ళు నర్సమ్మలకి ఇబ్బందిగా ఉంటాదంట."

మా పాత పెట్టె సంగతి చెప్పాను. ఆయన జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. పెట్టె వెనక పలక విప్పి స్విచ్చి తీసేసి, వైర్లు నేరుగా కలిపి టంకం పెట్టాడు. మళ్ళీ ప్లగ్గు పీకాం. గంట సందంతా మోగింది. లోపల్నించి ఆయన భార్య చేతిలో గరిటెతోటే వచ్చి, "ఏందయ్యా, ఏమాయె?" అని అడిగింది. నాకు ఇంజనీరు గుర్తొచ్చాడు. ఆవిడకి సర్టిఫికెట్టు ఇవ్వొచ్చు అనుకున్నాను.

గంటకి కరెంటు అక్కర్లేదు, నాలుగు టార్చి సెల్లుల మీద నడుస్తుంది. కాబట్టి ప్లగ్గు లేకుండా రైలెక్కిస్తే దారంతా మోగుతుంది. నాయుడుగారు సెల్లుకీ రేకుకీ మధ్య ఒక అట్టముక్క దూర్చి, ఊరు చేరాక అది లాగేయమని చెప్పి, పెట్టె చుట్టూ గోనెపట్టా కుట్టించాడు. వాళ్ళింట్లోనే సాంబారన్నం పెట్టారు. సెంట్రల్లో పెట్టెని గార్డు ఉండే బ్రేకు వ్యానుకి బుక్ చేసి, రెండుంబావు రైలుకి లేడీస్ కంపార్ట్‌మెంటులో ఎక్కాను. అది బ్రేకు వ్యాను పక్కనే ఉంటుంది, సామాను మీద కన్ను వెయ్యాలనుకునేవాళ్ళకి అనువు.

గుమ్మిడిపూండి దాటిందో లేదో గంట మొదలైంది. కుదుపులకి అట్టముక్క జారినట్టుంది. అందరూ కిటికీల్లోంచి చూశారు. సూళ్ళూరుపేటలో గార్డు వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఆ పెట్టె మీదేనా? గంట ఆపండి."

"దానికి ఆపే స్విచ్చి లేదండీ."

"ఆపడం లేని గంట ఉంటుందా అమ్మా లోకంలో?" అని విసుక్కుంటూ జెండా ఊపడానికి వెళ్ళిపోయాడు.

ఎదుటి సీట్లో నెల్లూరు పోతున్న ఒక అవ్వ. ఒళ్ళో మామిడికాయల సంచి. "అదేంది మ్మే, గుడి గంట మాదిరి?" అంది. చెప్పాను. నెలతక్కువ బిడ్డల్ని పెట్టే పెట్టె, కరెంటు పోతే బిడ్డ చల్లబడకముందే మనల్ని పిలుస్తుంది, ఇప్పుడు మాత్రం ఖాళీదే అని.

అవ్వ గంట వైపు చెవి ఒగ్గింది. "బిడ్డ ఏడవలేడు గాబట్టి అది ఏడస్తా ఉండాది" అంది. తర్వాత సంచి సర్దుకుని, "అయినా పిలిస్తే పోయేవోళ్ళుండాల గదా" అంది.

ఆ మాటకి నేను తలూపాను. వారం రోజుల అలసట, మధ్యాహ్నం వేడి, కడుపులో నాయుడుగారి సాంబారన్నం. గంట మోత కూడా కాసేపటికి చెవికి అలవాటైపోయింది. కునుకు పట్టింది.

ఎవరో మోకాలు పట్టి ఊపుతున్నారు. అవ్వ. "మ్మే, లెయ్. గంట ఆగిపోయినాది. పోయి చూడు!"

బండి గూడూరులో ఆగి ఉంది. దిగి పరుగెత్తాను. బ్రేకు వ్యాను తలుపు తీసే ఉంది. గోనెపట్టా ఒక మూల కుట్లు తెగి ఉన్నాయి, గంట చుట్టూ గార్డుగారి తువ్వాలు బిగించి కట్టి ఉంది. స్విచ్చి పీకించి వచ్చాను గానీ, ప్రపంచంలో తువ్వాళ్ళన్నీ పీకించలేను కదా.

"కోప్పడకండి. లోపల బిడ్డ లేదు కదమ్మా" అన్నాడు గార్డు, కాస్త ఇబ్బందిగా.

నిజమే, లేదు. ఆయన చేసింది తప్పు కాదు. మా బాలింతలు అడిగింది కూడా ఆ రాత్రికి తప్పనిపించి ఉండదు. గంట ఎందుకు మోగుతుందో వాళ్ళకెవరూ చెప్పలేదు. డాక్టర్లకి చెప్పారు, నర్సులకి చెప్పారు, హాలు నిండా కూర్చోబెట్టి మాకు సర్టిఫికెట్లు ఇచ్చారు. పెట్టె పక్కనే పడుకునేవాళ్ళకి మాత్రం అదొక రొద. ఈ అవ్వకి రెండు ముక్కల్లో చెప్పానంతే, నేను నిద్రపోతే ఆవిడ మేలుకుని ఉంది.

తువ్వాలు విప్పి గార్డుకిచ్చాను. అట్టముక్క వెతికి సెల్లు దగ్గర గట్టిగా దూర్చాను. ఊరు చేరాక మొదటి శిక్షణ నర్సులకి కాదు, బాలింతలకీ వాళ్ళ అమ్మలకీ అత్తలకీ. పెట్టెని వార్డు నడిమధ్యన పెడతాను, చెప్పకుండా ప్లగ్గు పీకుతాను, ఎవరు లేస్తారో చూస్తాను. మద్రాసు నుంచి నేను తీసుకెళ్తున్నది ఒక మంచి పెట్టె. దాన్ని నమ్మొచ్చు. అది పిలిచేదాకా దాని పని, ఆ తర్వాతది మా ఊరి పని.

బండి కదిలాక నా సీట్లోకి వచ్చాను. అవ్వ నా మొహంలోకే చూస్తోంది.

"బిడ్డ బాగుండాడా?" అంది.

పెట్టె ఖాళీదని ఆవిడకి ఇందాకే చెప్పాను. మళ్ళీ చెప్పబుద్ధి కాలేదు.

"బాగున్నాడవ్వా" అన్నాను. "నువ్వు లేపావుగా."