మూడో సొరుగులోని పుస్తకం

2013వ సంవత్సరం, నవంబరు నాలుగో తేదీ, సోమవారం. దమ్మామ్‌లో ఆ ఉదయం గాలి స్తంభించిపోయింది. ముందురోజు రేగిన దుమ్ము ఇంకా నేలకు దిగలేదు. దాని వెనుక సూర్యుడు తోమని ఇత్తడి పళ్ళెంలా ఉన్నాడు. సముద్రం మీది తేమకు కిటికీ అద్దాలు బయటివైపున చెమర్చాయి.

కృపావతి తెరను వేలెడంత తొలగించి వీధిలోకి చూస్తోంది. విదేశీ కార్మికుల మీద సౌదీ ప్రభుత్వం పెట్టిన నితాఖత్ నిబంధనల ప్రకారం కాగితాలు సరిచేసుకోవడానికి ఇచ్చిన గడువు నిన్నటితో ముగిసింది. వీసా ఒక పనికీ, చేసేది మరొక పనీ అయినవారంతా తలుపులు వేసుకుని కూర్చున్నారు. భర్త భూషణానికి ఒక గిడ్డంగిలో ఉద్యోగం. అతని మీద ఆధారపడిన భార్యగా ఇఖామా, అంటే నివాస అనుమతి, పొందిన కృపావతి, పని చేసే అనుమతి లేకుండానే ఒక ప్రైవేటు బడిలో ఆరేళ్ళుగా తెలుగు చెబుతోంది. నిన్న సాయంత్రం బడి నుంచి ఫోను వచ్చింది: "రేపట్నుంచి రావద్దు మేడమ్. మళ్ళీ చెప్పేదాకా."

వెళ్ళకపోవడం తేలికే. కానీ ఆమె పుస్తకం బడిలో ఉండిపోయింది.

పుస్తకాలకు అట్టలు వేయడం ఉపాధ్యాయులకు ఎముకల్లో ఇంకిన అలవాటు. పూర్వం జూన్ మొదటి వారమంతా గోధుమరంగు కాగితం మడతలు నొక్కడంలోనే గడిచేది. మూల మడత నిలువుగా పడినవాడి చేతివ్రాత కూడా నిలువుగా ఉంటుందని పాతకాలపు పంతుళ్ళు నమ్మేవారు. నిజం కాదు గాని, మంచి నమ్మకం. ఆ అలవాటు కొద్దీ కృపావతి తన మతగ్రంథానికి కూడా అట్ట వేసింది. చీటీ అంటించి 'ఎనిమిదవ తరగతి వాచకం' అని వ్రాసింది. చీటీ అన్న తరువాత ఉపాధ్యాయిని పేరు ఉండాలి కనుక దాని కింద తన పేరూ వ్రాసింది. స్టాఫ్ రూములో తన బల్ల మూడో సొరుగులో దాచుకుని ఖాళీ పీరియడులో చదువుకునేది. ఇస్లాం తప్ప మరే మతమూ బాహాటంగా పాటించకూడని ఆ దేశంలో, కంపెనీ క్వార్టర్లో అటువంటి పుస్తకం వద్దని భూషణం పట్టుబట్టడమే అందుకు కారణం.

మోర్మన్లని లోకం పిలిచే సంఘం ఆమెది. తక్కిన క్రైస్తవులే వారిని వింతగా చూస్తారు. రాజమండ్రిలో పందొమ్మిదో ఏట ఆమె ఆ సంఘంలో చేరినప్పుడు, బాప్టిస్టు సంఘపెద్ద అయిన తండ్రి మాట్లాడడం మానేశాడు. అక్షరం ముక్క రాని తల్లి మాత్రం ఆ పుస్తకానికి పాత చీరముక్కతో తొడుగు కుట్టి పెట్టెలో పెట్టింది. గోధుమరంగు అట్ట కింద ఆ తొడుగు ఇప్పటికీ ఉంది.

అయితే భయమంతా మొదటి కాగితం గురించి. నెలకొక రోజు రెండు పూటలు మాని ప్రార్థించడం ఆ సంఘం ఆచారం. అక్కడ శుక్రవారమే సెలవు కనుక ఆమె ఉపవాసం తొలి శుక్రవారం. ఆనాడు తలచుకోవలసినవారి పేర్లు ఆ కాగితం మీద వరుసగా వ్రాసుకుంది. అందులో ఒక ఇంట్లో గుట్టుగా కలుసుకుని ప్రార్థించే ఎనిమిదిమంది పేర్లు, వాళ్ళ ఫోను నంబర్లు ఉన్నాయి.

ఎనిమిది గంటలకు భూషణం గిడ్డంగి నుంచి ఫోను చేశాడు.

"పుస్తకం ఇంట్లో వద్దన్నాను గానీ, బళ్ళో పెట్టమన్నానా?"

"ఇప్పుడా మాటలెందుకండీ?"

"పుస్తకం పోతే పోయింది. ఆ కాగితం దొరికితే మనతో ఆగదే, కృపా. ఎనిమిది కొంపలు!"

ఫోను పెట్టేసరికి ఎదురింటి రుఖయ్యా తలుపు తోసుకుని వచ్చింది. ప్రొద్దుటూరు మనిషి, భర్త మస్తాన్ వలీ డ్రైవరు. కూతురు జబీ అదే బడిలో ఎనిమిదో తరగతి. ఆరేళ్ళ కిందట తొలిసారి టీ తెచ్చి ఇస్తే కృపావతి తాకలేదు. టీ, కాఫీ తమ మతంలో నిషిద్ధమని చెప్పేదాకా రుఖయ్యా పదిరోజులు ముఖం తిప్పుకుంది. నాటినుంచి సబ్జాగింజల నిమ్మనీళ్ళే తెస్తోంది.

"ఏందక్కా, ముఖం అట్ల పెట్టుకున్యావు?"

కృపావతి అంతా చెప్పింది. రుఖయ్యా గ్లాసు బల్లమీద పెట్టింది.

"నేను పోయి తెస్తా. జబీ టిఫిను డబ్బా మర్చిపోయిందని చెప్తా. తల్లిని, నన్నెవరు ఆపుతారు?"

"వద్దమ్మా. పట్టుబడితే..."

"నీ బుద్ధి మండ! అంతమంది పేర్లు రాసి బడిలో పెడతారా యాడన్నా? సరే, ఒక్కటి చెప్పు. దాంట్లో దేవుని పేరుండాదా?"

"ప్రతి పుటలోనూ ఉంది."

రుఖయ్యా లేచింది. కొళాయి దగ్గరకు వెళ్ళి, నమాజుకు ముందు చేసుకున్నట్టే చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కుంది. బురఖా వేసుకుని, చిత్రాన్నం డబ్బా చేతపట్టుకుని వెళ్ళిపోయింది.

బడి పది నిమిషాల నడక. తొమ్మిదయింది, తొమ్మిదిన్నరయింది. వీధి మలుపులో తెల్లటి వ్యాను ఆగింది. ఇద్దరు దిగి ఎదుటి భవనంలోకి వెళ్ళారు. కృపావతి తెర వదిలేసింది. ప్రార్థించబోతే పేర్లు గుర్తు రాలేదు. కాగితం చూసి చదవడం అలవాటైన నోటికి, కాగితం లేకపోయేసరికి ఒక్కటీ వరుసలో రాలేదు. తన కోసం తాను తెచ్చిపెట్టుకున్న ఆపదలోకి మరొక ఇంటి ఇల్లాలిని పంపానన్నది ఆమెకు అప్పుడు పూర్తిగా తెలిసివచ్చింది. లేచి చెప్పులు వేసుకుంది, మళ్ళీ విప్పింది. తాను వెళితే ఇద్దరూ దొరుకుతారు.

పదిన్నరకు తలుపు చప్పుడైంది. రుఖయ్యా చేతిలో టిఫిను డబ్బా ఒక్కటే ఉంది.

"తలుపెయ్యక్కా. గేటుకాడ ఆఫీసర్లు, ఆడోళ్ళు, నిలబడినారు. బయటికొచ్చే ప్రతి మనిషి సంచీ ఇప్పతాండారు. నేను లోపలికి పోయినాకే వచ్చిన్యారు వాళ్ళు."

"పుస్తకం?"

రుఖయ్యా డబ్బా పై గిన్నె తీసింది. కింది గిన్నెలో, చిత్రాన్నం అడుగున, నాలుగు మడతల కాగితం ఉంది. అంచులు పసుపెక్కాయి.

"జబీ స్కేలు పెట్టి కోసినా, చిరగకుండా."

"పుస్తకమెక్కడ, రుఖయ్యా?"

"నమాజు గది పక్కన పెట్టె ఉంటుంది చూడు, దేవుని పేరున్న పాతకాగితాలు తొక్కుళ్ళలో పడకుండా వేస్తారే? దాంట్లో వేసినా. దాన్ని ఎవురూ తెరిచి చదవరు. మర్యాదగా తీసుకపోయి పూడుస్తారు. చీటీ గోకేసినా. చెత్తబుట్టలో ఎట్ల వేసేదక్కా, దేవుని పేరున్నదాన్ని?"

ఆ పెట్టెను కృపావతి ఆరేళ్ళుగా చూస్తూనే ఉంది. అయినా ఆ క్షణంలో ఆమెకు కనిపించింది తల్లి కుట్టిన చీరముక్క మాత్రమే.

"పుస్తకం తెమ్మంటే కాగితం తెచ్చావా?" అంది.

గొంతు పెంచలేదు. తప్పు చేసిన విద్యార్థినితో మాట్లాడినట్టు అంది. అదే ఎక్కువగా తగిలింది.

రుఖయ్యా డబ్బా మూత పెట్టింది. "జబీకి ఈ పూట పస్తు," అంది. "డబ్బా ఇస్తే కాగితం పోతుందని దానికి చెప్పలే. మీ లెక్కన అదీ ఉపవాసమే అనుకోరాదూ." నవ్వబోయి నవ్వలేక వెళ్ళిపోయింది.

కృపావతి కాగితం విప్పింది. మొదటి పేరు రుఖయ్యాది. భూషణం పేరుకన్నా పైన, తల్లి పేరుకన్నా పైన, తన చేతివ్రాతలోనే ఉంది. కోసేటప్పుడు రుఖయ్యా దాన్ని చదవకుండా ఉండదు. చదివీ చెప్పలేదు.

ఆనాడు స్టాఫ్ రూములో సొరుగులన్నీ తెరిచి చూశారని వారం తరువాత తెలిసింది. పుస్తకం అక్కడే ఉండివుంటే ఏమయ్యేదో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు. అయినా కృపావతి క్షమాపణ చెప్పలేదు, రుఖయ్యా అడగలేదు. నిమ్మనీళ్ళు వస్తూనే ఉన్నాయి. జబీకి ఇంట్లోనే తెలుగు చెప్పింది. ఆ మాట మాత్రం ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే ఉండేది.

2017లో ఆధారితుల మీద లెవీ, అంటే తలకింతని నెలనెలా పన్ను, మొదలైంది. ఏడాదికేడాది పెరుగుతుందన్నారు. మస్తాన్ వలీ భార్యాబిడ్డలను ఎగ్జిట్ వీసా మీద, ఇక తిరిగి రాకుండా, ప్రొద్దుటూరు పంపేశాడు. మరుసటి ఏడు భూషణమూ అదే చేశాడు. రుఖయ్యా వెళ్ళిపోయిన రోజున, విమానాశ్రయానికి బయలుదేరిన కారు పక్కన నిలబడి కృపావతి ఏదో చెప్పబోయింది. "టైమవుతాంది, పోనీలే అక్కా," అంది రుఖయ్యా.

ఆ చెప్పబోయినది ఈ ఉత్తరంలో ఉంది.

రాజమండ్రి,
12-2-2022

రుఖయ్యా,

ఫోనులో అయితే నువ్వు మాట మారుస్తావు. అందుకే వ్రాస్తున్నాను.

పుస్తకం కొత్త ప్రతి వచ్చింది. అట్ట వేయలేదు. నువ్వు కోసి తెచ్చిన కాగితాన్ని లోపల మొదట అతికించాను. పసుపు మరక అలాగే ఉంది. అమ్మ పోయింది, నాన్నా పోయారు. వాళ్ళ పేర్ల పక్కన తేదీలు వేశాను. నీ పేరు ఉన్నచోటే ఉంది.

ఆ రోజు నేను పుస్తకం కోసం ఏడ్చాను, నీ కోసం ఏడవలేదు. ఎనిమిదేళ్ళు దాటింది. అమ్మ కుట్టిన తొడుగును మర్యాదగా మట్టిలో పెట్టించావని, నిరుడు అమ్మను మట్టిలో పెట్టిన రోజున నాకు అర్థమైంది. నేనన్న మాట తప్పు. నన్ను క్షమించు.

జబీ పెళ్ళికి తప్పక వస్తాను. చిత్రాన్నం నేనే చేస్తాను. ఆ పూట దాని నోటికాడ తీసిన ముద్ద నా చేత్తో పెట్టాలి. నాకు టీ ఇవ్వమని మీ వాళ్ళెవరైనా బలవంతం చేస్తే మాత్రం నువ్వే అడ్డు పడాలి.

నీ అక్క,
కృపావతి