గాజుల్లేని పటం

దయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు. పోయినవాళ్లు ప్రభువులో నిద్రిస్తారు, తిరిగి రారు అని చిన్నప్పటి నుంచి సంఘంలో విన్నదాన్ని, సండేస్కూల్లో పిల్లలకు చెప్పేదాన్ని. అందుకే ఈ సంగతి రాయడానికి రెండేళ్లు వెనకాడాను.

అమ్మ రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో ఎండలో నడిచి సువార్త చెప్పేది. బాప్తిస్మం తీసుకున్న రోజే ఒంటిమీది బంగారం తీసేసింది. మళ్లీ వేసుకోలేదు. ఆమె పోయాక వెతికితే ఆధార్ కార్డు మీది ఫోటో తప్ప ఇంకొకటి దొరకలేదు. అదీ మెడ వరకే.

మా అన్న తన కొత్త ఇంటి హాల్లో పెట్టడానికి కడపలో ఒక ముసలి పెయింటర్‌కు అమ్మ బొమ్మ పురమాయించాడు. ఆయన్ని అందరూ సాబు అంటారు. ఆయన దగ్గర ఐదారు వందల ఏళ్ల కిందటి ఇటలీ చిత్రాల పుస్తకం ఒకటుంది, అట్ట ఊడిపోయింది. నేనూ అన్న వెంట పోయినప్పుడు పేజీలు తిప్పి చూపించాడు.

"ఈ ఉంగరం, ఈ బొచ్చు కోటు మనిషి హోదా చెప్తాండాయి. గుణం తెలియాలంటే మాత్రం చేతులు యెట్ల పెట్టుకున్యాడో చూడల్ల."

"మాకు హోదానే కావల్ల సాబూ. అమ్మకు నాలుగు బంగారు గాజులెయ్యి" అన్నాడు అన్న.

"వద్దన్నా. అమ్మ తీసేసినవి మనమెట్ల తొడుగుతాం?"

"నువ్వూరుకోమే. వచ్చినోళ్లు పనిమనిషి అనుకుంటారు."

ఉండబోయే ఒక్క బొమ్మలోనూ అమ్మ అమ్మలా లేకుండా పోకూడదని తిరుగుబస్సులో దారంతా ప్రార్థన చేసుకున్నాను.

నెలకు మళ్లీ పోయాం. గాజులు లేవు. మూసిన బైబిలు మీద రెండు చేతులు. ఎడమ ఉంగరపు వేలు పైకణుపు దగ్గర పక్కకు వంగి ఉంది.

అమ్మ వేలు అంతే. నేను పుట్టకముందే బోరింగు పిడి కింద నలిగింది. జడ వేసేటప్పుడు నా జుట్టులో తగులుకునేది. నేను అరిచేదాన్ని, ఆమె నవ్వేది. ఆ సంగతి సాబుకు మేమిద్దరం చెప్పలేదు. మా ఊరివాళ్లెవరూ ఆయనకు తెలియరు.

"గాజులు ఎయ్యాలనే కూచున్యానప్పా, చెయ్యి రాలే. వేలు నిటారుగానే గీసినా. తెల్లారి చూస్తే అట్లుండాది. రెండు తూర్లు సరిచేసినా. వయసైపోయె, చెయ్యి వణికిందేమో. ఇప్పుడు దిద్ది ఇస్తా."

ఆయన కుంచె తీశాడు. అన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టుకోవద్దు సాబూ. గాజులూ వద్దు."

అమ్మను మట్టిలో పెట్టిన రోజు ఏడవని మనిషి అక్కడ ఏడ్చాడు.

ఆ పుస్తకంలో అలాంటి చెయ్యి ఉండి ఉంటుందన్నారు మా పాస్టరుగారు. నేను పోయి చివరి పేజీ దాకా చూశాను. లేదు.

అన్న ఇంటికి వచ్చినవాళ్లు ఆ బోసి చేతులు చూసి ఎవరో పేదామె అనుకుంటారు. "మా అమ్మ" అంటాడు అన్న.

పోయినవాళ్లు తిరిగి రారనే ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆ వేలు మాత్రం అమ్మదే. ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆ పటం ముందు కూర్చున్నప్పుడు దేవుణ్ణి అడగాలని కూడా అనిపించదు.