రెండంగుళాల సందు

మేస్త్రీకి భయం పుట్టుకతోనే వచ్చింది. తలుపులు, కిటికీలు, మంచాలు చేసే వడ్రంగి. చేతిలో ఉలి ఉన్నంతసేపు పులి, అది కింద పెడితే పిల్లి. నిచ్చెన ఎక్కాలంటే మూడుసార్లు కుదిపి చూస్తాడు. రోడ్డు దాటాలంటే ఇటు చూసి, అటు చూసి, మళ్ళీ ఇటు చూసి, ఆఖరికి ఎవరైనా దాటుతుంటే వాళ్ళ వెనకాల నక్కి దాటుతాడు. షెడ్డులో తోటి పనివాళ్ళు అతనికి 'జాగ్రత్త' అని పేరు పెట్టారు. "జాగ్రత్త వచ్చాడా? జాగ్రత్త టీ తాగాడా?" అని వేళాకోళం చేసేవారు. అతను నొచ్చుకునేవాడు కాదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా.

అలాంటి మనిషి ఏడు సీట్ల ఎస్‌యూవీ కొన్నాడంటే వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. కొత్తదేం కాదు, ఒకరు వాడి అమ్మిందే. కొన్నది కూడా సరదాకి కాదు, భయానికి. అతని చెల్లెలు ఉండే ఊరు హైవే మీద పది గంటల దారి. తల్లికి నడుం నొప్పి, రెండు గంటలు కూర్చుంటే లేవలేదు. కూతుర్ని చూడక రెండేళ్ళయిందని ఆవిడ గోడు. బస్సు డ్రైవరు కునుకు తీస్తే ఏంగాను అని ఇతని గోడు. ఇద్దరి గోడుకీ కలిపి ఒకటే మందు, సొంత బండి.

ఇక ఆ బండికి చేసిన సింగారం చూడాలి! ముందు ఇనప కమ్మీల గార్డు కట్టించాడు. పొగమంచు లైట్లు పెట్టించాడు. అద్దం పగలగొట్టే సుత్తి తలుపుకొకటి చొప్పున నాలుగు తగిలించాడు. మంటలార్పే సిలిండర్లు రెండు పెట్టాడు. ఒకటి చాలదా అంటే, "అది పనిచెయ్యకపోతే?" అన్నాడు. టాపు మీద స్టెప్నీలు కూడా రెండే.

"ఇంకో రెండు తగిలిస్తే యుద్ధానికి పోవచ్చండీ," అంది భార్య.

"నవ్వు, నవ్వు. దారిలో ఏదైనా అయితే అప్పుడు తెలుస్తుంది."

ఇవన్నీ ఒక ఎత్తు, మంచం ఒక ఎత్తు. వెనక రెండు వరసల సీట్లూ పీకించేసి, వాటి చోట తన చేత్తో టేకు మంచం చేశాడు. కింద సొరుగులు, ఒకదాంట్లో మందులు, ఒకదాంట్లో బట్టలు, ఒకదాంట్లో తాళ్ళు, పానాలు. పక్కలకి రెండు నడుం పట్టీలు, పడుకున్నవాళ్ళు దొర్లిపోకుండా. ఎండ కళ్ళలో పడకుండా ముందు సీట్లకీ మంచానికీ మధ్య మందపాటి పరదా. నెల రోజులు ఆదివారం అనకుండా చేశాడు. చేస్తున్నంతసేపూ మొహంలో ఎక్కడా భయం లేదు.

చిక్కల్లా కొలత దగ్గర వచ్చింది. అతని తండ్రి కూడా వడ్రంగే. మంచానికి మనిషిని కొలవాలి, ఆపైన జానెడు కలపాలి అన్నది ఆయన నేర్పిన లెక్క. మేస్త్రీ ఏనాడూ ఆ లెక్క తప్పలేదు. తల్లేమో ఆరడుగులకి రెండంగుళాలే తక్కువ, పొడవాటి మనిషి. ఆమెను కొలిచి, జానెడు కలిపి, పలకలు కోసి బిగించాడు. తీరా చూస్తే వెనక డోరు మూసుకోదు! మంచం రెండంగుళాలు బయటికొచ్చింది.

సీట్లు పీకిన మెకానిక్ చూసి పకపకా నవ్వాడు. "కోసెయ్ మేస్త్రీ, రెండంగుళాలే కదా. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోమన్నారు."

"ఆ సామెత మంచం కొనేవాళ్ళకి. చేసేవాడు కాళ్ళున్నంత మంచం చెయ్యాలి," అన్నాడు మేస్త్రీ. "నేను మంచానికి మనిషిని కొలుస్తాను, బండిని కాదు."

అని ఊరుకోకుండా డోరుని నైలాను తాడుతో కిందికి లాగి బంపరుకి కట్టాడు. చుట్టూ ఉన్న సందులో స్పాంజి కూరాడు. దుమ్ము రాకూడదు, వాన రాకూడదు, దొంగ చెయ్యి దూరకూడదు. అన్నిటికీ భయపడ్డాడు మహానుభావుడు. ఆ డోరు కింద, సరిగ్గా ఆ సందు కిందే, ఇంజను పొగ వదిలే గొట్టం ఉందన్న సంగతి మాత్రం అతనికి తట్టలేదు. మెకానిక్కీ తట్టలేదు.

తెల్లారి ఆరింటికి బయల్దేరారు. ముందు సీట్లో భార్య. వెనక మంచం మీద తల్లి, ఆమె పక్కన ఎనిమిదేళ్ళ కూతురు చిట్టి. మొదటి అరగంటలోనే పరదా వెనకనుంచి చిట్టి, "నాన్నా, కాలు తిమ్మిరెక్కింది," అంది. అంతే, బండి పక్కకి ఆపేశాడు. పిల్లని కిందికి దింపి, కాలు నొక్కి, నడిపించి, నీళ్ళు తాగించి, ఒళ్ళు కాలుతోందేమో చూసి, మళ్ళీ ఎక్కించేసరికి ఇరవై నిమిషాలు. "కాలేగా నాన్నా," అని పిల్ల విసుక్కుంది. వాళ్ళ నానమ్మ దాని నోటి మీద చెయ్యి పెట్టి నవ్వింది.

హైవే ఎక్కాక అతని భయాలన్నీ వరసగా నిద్రలేచాయి. పక్కనుంచి లారీ వెళితే భుజాలు ముడుచుకుపోయేవి. వెనకనుంచి హారను మోగితే గుండె గొంతులోకొచ్చేది. స్టీరింగు తడిచిపోతుంటే చేతులు చొక్కాకి తుడుచుకునేవాడు. పది నిమిషాలకోసారి కేకేసేవాడు.

"అమ్మా, ఎలా ఉంది?"

"హాయిగా ఉందిరా."

"చిట్టీ?"

"ఊఁ."

రెండో గంటలో జవాబులు కాస్త ఆలస్యంగా వచ్చాయి. మూడో గంటలో అసలు రాలేదు. అతను వెనక్కి తిరగబోతే భార్య చెయ్యి పట్టుకుంది. "నిద్రపట్టినట్టుందండీ. లేపకండి."

నిద్ర! ఇంట్లో పట్టు పరుపు మీద కూడా అర్ధరాత్రి దాకా దొర్లే మనిషి, కదిలే బండిలో నిద్రపోయింది. తన మంచం మీద. మేస్త్రీ ఛాతీ పొంగింది. భుజాలు కిందికి దిగాయి. లారీ పక్కనుంచి దూసుకుపోతే తలైనా తిప్పలేదు. సన్నగా ఈల కూడా వేశాడు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా అతను ఈల వెయ్యగలడని భార్యకి తెలియదు. ఎండకేమో తల కొంచెం బరువుగా ఉంది, అంతే. అతను పుట్టి బుద్ధెరిగాక భయం లేకుండా గడిపిన గంట అదొక్కటే.

డీజిలు కొట్టించడానికి బంకులో ఆగాడు. నీళ్ళ సీసా తీద్దామని వెనక్కి వెళ్ళి తాడు ముడి విప్పాడు. డోరు లేచింది. వేడి గాలి, దాంతో పాటు ఘాటైన పొగ వాసన మొహాన కొట్టింది. స్పాంజి ఎక్కడో ఊడి పడిపోయింది. దుప్పటి అంచు మసితో నల్లబడింది.

"చిట్టీ."

పిల్ల పలకలేదు. దిండు మీద వాంతి చేసుకుని ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. భుజం పట్టి ఊపితే తల అటు వాలిపోయింది. చెయ్యి పట్టుకుంటే జారి మంచం మీద పడింది.

"అమ్మా! అమ్మా! లే అమ్మా!"

తల్లీ పలకలేదు. మేస్త్రీకి పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు సిలిండర్లు, నాలుగు సుత్తులు, సొరుగు నిండా మందులు పెట్టుకున్న మనిషికి ఏం చెయ్యాలో తెలియలేదు. కాళ్ళూ చేతులూ ఆడక డోరు పట్టుకుని నిలబడి, "అమ్మా, అమ్మా" అని అదే మాట అంటున్నాడు. భార్య వచ్చి చూసి పెట్టిన కేకకి బంకు బంకంతా తిరిగి చూసింది.

పక్కన ఆగిన లారీ డ్రైవరు దూకి పరుగెత్తుకొచ్చాడు. ఒక్క చూపులో అంతా అర్థమైంది అతనికి. "పొగ! లోపలంతా పొగే! ముందు బయటికి లాగండి! ఏం చూస్తావయ్యా, కాళ్ళు పట్టు!" అని అరిచాడు. ఇద్దర్నీ గాలాడే చోట నేల మీద పడుకోబెట్టారు. పెద్దావిడ అంత పొడవున సిమెంటు మీద పడి ఉంటే మేస్త్రీ చూడలేకపోయాడు. ముక్కు దగ్గర వేలు పెట్టాడు. వేలు వణుకుతుంటే ఊపిరి ఉందో లేదో తెలియలేదు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తెలియలేదు. లారీ డ్రైవరే చెవి ఆనించి విని, "ఉంది, ఉంది," అన్నాడు. ఆ మాటకి మేస్త్రీ అక్కడే కూలబడి పిల్లాడిలా ఏడ్చాడు.

అంబులెన్సు ఎక్కడానికి కూడా అతన్ని ఎవరో చెయ్యి పట్టి లేపాల్సి వచ్చింది. ఆసుపత్రిలో ఇద్దరి మొహాలకీ ఆక్సిజన్ గొట్టాలు తగిలించారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నెమ్మదిగా చెప్పింది. "బండి పొగలో ఒక విషవాయువుంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు. అందుకే నిద్ర అనుకున్నారు. ఇంకో అరగంట అలాగే వచ్చి ఉంటే..." అని ఆగిపోయింది. మిగతాది మేస్త్రీ పూర్తి చేసుకున్నాడు. చేసుకున్నాక మళ్ళీ మళ్ళీ చేసుకున్నాడు.

సాయంత్రానికి చిట్టి కళ్ళు తెరిచి అమ్మ కావాలంది. మేస్త్రీ తల్లి మాత్రం కళ్ళు తెరవలేదు. ఆ రాత్రి అతనికెలా గడిచిందో నన్ను అడక్కండి. మర్నాడు పొద్దున పదింటికి ఆమె రెప్పలు కదిలాయి. మధ్యాహ్నానికి మనుషుల్ని గుర్తుపట్టింది.

మేస్త్రీ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. రెండంగుళాలు కోసి ఉంటే సరిపోయేది. నిన్నూ పిల్లనీ నా చేతులతోనే చంపుకోబోయాను."

"ఊరుకోరా, నీకేం తెలుసు? నేనే చెప్పి ఉండాల్సింది."

"ఏం చెప్పాలి?"

"గంట దాటేసరికే తల పగిలిపోతోందిరా. కడుపులో తిప్పింది. చిట్టి కూడా, తలనొప్పి నానమ్మా అంది. నేనే ఊరుకోమన్నాను. చెబితే నువ్వు హడిలిపోతావు. బండి ఆపేసి వెనక్కి తిప్పుతావు. పాపం నెల రోజులు కష్టపడి చేశావు, ఓర్చుకుందాంలే అనుకున్నాను."

మేస్త్రీ భార్య వైపు తిరిగాడు. ఆమె నేల చూపులు చూస్తోంది.

"నాకూ వాసన వచ్చిందండీ," అంది గొంతు తగ్గించి. "లారీలదేమో అనుకున్నాను. మీతో అంటే మళ్ళీ ఎక్కడ కంగారు పడతారో అని..."

ఏదో తేడాగా ఉందని ముగ్గురికీ ముందే తెలిసింది. ముగ్గురూ అతనికి భయపడి కాదు, అతను భయపడతాడని నోరు మూసుకున్నారు. ఎనిమిదేళ్ళ పిల్లతో సహా. ఇలా ఎన్నాళ్ళనుంచి మూసుకుంటున్నారు? ఇంకా ఏమేం దాచారు? లారీలని చూసినప్పుడు పుట్టిన భయం దీని ముందు భయమే కాదు.

తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడెలా ఉందమ్మా? తల నొప్పి ఉందా?"

"లేదురా నాన్నా," అని తల్లి నవ్వింది. "ఏమీ లేదు. హాయిగా ఉంది."

అతను ఆ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆమె నిజమే చెప్పిందో, తన కోసం అలా అందో అతనికి తెలియలేదు. ఇకముందు కూడా ఎప్పటికీ తెలియదేమో అనిపించి మేస్త్రీ గజగజా వణికిపోయాడు.