గంధపు చెట్టుకు దారి

పెనుకొండ అవతలి కొండల్లో అంజినప్ప ఇరవై రెండేళ్లు అటవీ వాచరుగా పనిచేశాడు. ఆయన కాపలాలోని ముదురు గంధపు చెట్టు అన్నేళ్లూ క్షేమంగా ఉండడానికి ముఖ్య కారణం, దాని సంగతి ఆయనను ఎవరూ అడగకపోవడమే.

2008లో ఆఫీసువారు అడవిని ప్రజలకు చేరువ చేయ సంకల్పించి ఒక బ్లాగు తెరిచారు. కంప్యూటర్ ఆపరేటర్ హేమావతి ఆ చెట్టు పక్కన అంజినప్పను నిలబెట్టి తీసిన ఫొటో అందులో పెట్టింది. మూడోనాడు దాని కింద వచ్చిన వ్యాఖ్యను ఆయనకు చదివి వినిపించింది: "అంజినప్ప గారూ, మీ సేవ గొప్పది. ఈ చెట్టు ఎక్కడుంది?"

"నన్నేనా మేడం అడిగింది?" అంజినప్ప కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "రాయండి. వంక దాటినాక ఎడమ పక్క బాట. ఆడ రెండు రాతి గుండ్లు ఉండాయి, వాటెనకాల."

"అంత వివరం ఎందుకన్నా?"

"పాపం, వచ్చేటోళ్లు కొండంతా తిరగల్లనా?"

ఆ జవాబు బ్లాగులో పడిన వారంలోపే వచ్చిన దొంగలకు ఒక్క అడుగైనా వృథా కాలేదు. చెట్టును వేళ్లతో సహా తవ్వుకుపోయారు.

విచారణకు వచ్చిన అధికారి, "చెట్టు జాడ ఎవరికి చెప్పినావు?" అన్నాడు.

"అడిగినోళ్లకు చెప్పినా సార్. గారు అని పెట్టి అడిగినారు."

అధికారి దాన్ని నేరం ఒప్పుకోలుగా రాసుకుని, అక్కడికక్కడే అంజినప్ప ఖాకీ చొక్కా విప్పించాడు.